రాగి ఆకులో నీళ్లు, చిన్నాయన కయ్యలు

నాలుగున్నరకల్లా పొలంలో ఉన్నాం. మార్చి వచ్చేసినా బెంగళూరులో హెబ్బాళ వైపు తెల్లవారుజామున ఇంకా చలిగానే ఉంది. మా వ్యవసాయ పరిశోధన స్టేషన్‌లో వేసిన ఎండాకాలం రాగి ట్రయల్లో (ప్రయోగ సాగులో) సగం మళ్లకు నీళ్లు ఆపేశాం. అవి ఎంత దాహంతో ఉన్నాయో కొలవాలంటే సూర్యుడు రాకముందే కొలవాలి. రాత్రంతా ఆకుల మీది రంధ్రాలు దాదాపు మూసుకునే ఉంటాయి గనక, తెల్లారేసరికి మొక్కలోని నీటి ఒత్తిడి వేళ్ల దగ్గరి మట్టితో సమానమయ్యే దాకా వస్తుంది. ఆ వేళ ఆకును అడిగితే మట్టి సంగతి చెబుతుంది. ఎండెక్కాక అడిగితే ఎండ సంగతి కూడా కలిపి చెబుతుంది.

ఇది కొలిచే పరికరం ప్రెషర్ చాంబర్. మా దాంట్లో పెద్ద హంగేమీ లేదు. మందపాటి ఉక్కు గిన్నె, బిగుసుకునే మూత, మూత మధ్యలో చీలిక ఉన్న రబ్బరు బిరడా, పక్కన నైట్రోజన్ సిలిండర్. ఆకును రేజర్ బ్లేడుతో ఒక్క కోతలో తెంపి, పాలిథీన్ కవర్లో చుట్టి, కోసిన చివర మాత్రం చీలికలోంచి బయటికి కనబడేట్టు పెట్టి మూత బిగిస్తాం. తర్వాత గ్యాసు మెల్లగా వదలాలి. నేను టార్చి పట్టుకుని భూతద్దంలోంచి ఆ కోతనే చూస్తూ ఉంటాను. మొదట పొడిగా, పాలిపోయి ఉంటుంది. కాసేపటికి నడిమి ఈనె దగ్గర సూది మొనంత చోటు నల్లబడుతుంది, తడిగా మెరుస్తుంది, ఆ వెంటనే నీటి పూస ఉబుకుతుంది. సరిగ్గా అప్పుడే వాల్వు కట్టేసి మీటరు చదవాలి. ఇవాళ తడి మళ్లలో మూడు బార్ల (ఒత్తిడికి కొలత) దగ్గర వచ్చింది, ఎండు మళ్లలో ఏడెనిమిది.

ఈ పూస ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు. మొక్క కింద నుంచి నీళ్లను పైకి తోస్తుందని చిన్నప్పుడు అనుకునేదాన్ని. నిజానికి పైనుంచి ఆకు లాగుతుంది. ఆకు లోపలి కణాల గోడల్లోని అతి సన్నని సందుల్లో నీరు ఆవిరైనకొద్దీ మిగిలిన నీటి ఉపరితలం వంగి వెనకాల ఉన్న నీటిని లాగుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి వదలవు గనక ఆ లాగుడు వేళ్ల దాకా పాకుతుంది. డబ్లిన్‌లో డిక్సన్, జోలీ అనే శాస్త్రవేత్తలు ఈ మాట 1894లోనే చెప్పారు. గాలి ఒత్తిడి ఒక్కటే అయితే నీటిని పది మీటర్లకు మించి ఎక్కించలేదు. మరి వంద మీటర్లు దాటిన రెడ్‌వుడ్ చెట్ల చివరి చిగురుకు కూడా నీళ్లు అందుతున్నాయి. ఆ లాగుడు ఎంతుందో తేలిగ్గా కొలిచే దారి 1965లో షోలాండర్ అనే శాస్త్రవేత్త బృందం చూపించింది. మేం వాడే పద్ధతి అదే. ఆకును కోయగానే తెగిన నీటి దారం లోపలికి జారిపోతుంది. దాన్ని మళ్లీ కోత దాకా తేవడానికి ఎంత ఒత్తిడి కావాలో, బతికున్నప్పుడు ఆ నీరు అంత లాగుడులో ఉన్నట్టు.

లాగుడు మరీ ఎక్కువైతే ఆ దారం మధ్యలో తెగి గాలి బుడగ చేరుతుంది. 1966లో మిల్‌బర్న్, జాన్సన్ అనే ఇద్దరు ఆముదం ఆకు కాడకు సున్నితమైన పరికరం తగిలించి, ఆ తెగుడు టిక్కుటిక్కుమనడం విన్నారు. మా ఊళ్లో గట్టు గట్టునా పెరిగే ఆముదం! ఎండకు వాలిపోయిన ఆముదపాకులు ఇకమీదట నాకు మౌనంగా కనబడవు.

ఆరున్నరకు బాగేపల్లి నుంచి వచ్చి మా దగ్గర పని చేసే అక్క కలుపు తీయడానికి వచ్చింది. ఆమె ఇవాళ ఒక ప్రశ్న వేసింది. "ఒక రకం రాగిని ఒక చోట పెడితే చూసుకోను సులువు గదా మేడమ్, ఎందుకిట్లా అక్కడొకటి ఇక్కడొకటి చల్లినారు?" కింది మూల చూపించాను. అక్కడ నేల పల్లం, తేమ ఎక్కువ నిలుస్తుంది. ఒక రకాన్నంతా అక్కడే పెడితే గెలిచింది విత్తనమో పల్లమో ఎవరూ చెప్పలేరు. అందుకే పొలాన్ని ఒకేలాంటి నేల ఉన్న బ్లాకులుగా విడగొట్టి, ప్రతి బ్లాకులోనూ అన్ని రకాలూ పెట్టి, ఏది ఏ మడిలోకి పోవాలో చీటీ వేసి తేల్చాం. ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త 1919లో ఇంగ్లండ్‌లోని రోథాంస్టెడ్ పొలాలకు పనికి చేరాడు. 1843 నుంచీ గోధుమ ప్రయోగం సాగుతున్న చోటది. అక్కడి లెక్కలు చూస్తూ చూస్తూ ఈ పద్ధతికి రూపమిచ్చాడు. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన మన సి.ఆర్. రావు గారు తర్వాత కలకత్తా వెళ్లి ఈ ప్రయోగాల అమరికనే ఎంతో ముందుకు తీసుకెళ్లారు. చీటీ వేయడమంటే నాకు గౌరవం. నాకు ఇష్టమైన రకానికి నాకే తెలియకుండా మంచి మడి ఇచ్చేసే అవకాశాన్ని నా చేతుల్లోంచి తీసేస్తుంది. అక్క విని, "అయితే ఆ పల్లంలో అన్నిటికీ వంతొస్తాది" అంది. బ్లాకు అంటే అంతే.

మధ్యాహ్నం మా చదువుకునే బృందం కలిసే చోటికి మేఖ్రీ సర్కిల్ మీదుగా వెళ్లాను. గులాబీ రంగు టబేబుయా పూలు రోడ్డంతా పరిచేశాయి. అక్కడికి దగ్గర్లోనే రామన్ కట్టిన సంస్థ. ఆయన తన చివరి సంవత్సరాల్లో పూల రంగుల మీద పని చేశారని గుర్తొచ్చింది. నోబెల్ వచ్చిన మనిషి పువ్వులు ముందు పెట్టుకుని ఏ రంగు కాంతిని ఏ రేకు మింగుతోందో చూస్తూ కూర్చున్నాడంటే నాకు భలే ఇష్టం.

బృందంలో ఇవాళ వంతు రాయన్, గ్రాస్ అనే పరిశోధకుల 1943 వ్యాసానిది. అమెరికాలోని అయోవాలో రెండు ఊళ్లు, 259 మంది రైతులు, హైబ్రిడ్ మొక్కజొన్న. 1928లో వచ్చిన విత్తనాన్ని 1941 నాటికి ఇద్దరు తప్ప అందరూ వేశారు. కానీ మొదట్లో చాలా నెమ్మది. వేసినవాళ్లు కూడా ముందు ఏదో ఒక మూల వేసి చూసుకున్నారు. విత్తనం గురించి మొదట చెప్పింది ఎక్కువగా అమ్మకపువాళ్లు, నమ్మించింది పక్క రైతులు. గ్రాఫు గీస్తే అడుగున పాకి, మధ్యలో నిటారుగా లేచి, పైన చదునవుతుంది.

చర్చలో ఒకరు వెనకబడ్డవాళ్లను "మార్పును ఎదిరించేవాళ్లు" అన్నారు. నాకు కష్టమనిపించి అక్కడే చెప్పాను. 1957లో గ్రిలిచెస్ అనే ఆర్థికవేత్త ఇదే హైబ్రిడ్ మొక్కజొన్న మీద అమెరికా రాష్ట్రాలవారీగా లెక్కలు వేసి చూపించింది వేరు. అలబామా లాంటి చోట్ల ఆలస్యానికి పెద్ద కారణం అక్కడి నేలకు సరిపడే విత్తనమే ఆలస్యంగా తయారవడం. వచ్చాక ఎంత వేగంగా పాకిందన్నది లాభాన్ని బట్టి నడిచింది. మనం పంపని విత్తనానికి రైతును తప్పు పట్టడం న్యాయం కాదు. పంపినా, ఒక మూల వేసి చూసే మనిషి చేసేది మనం స్టేషన్లో చేసేదే. ఆ జాగ్రత్తను అజ్ఞానం అనే హక్కు ఎవరికీ లేదు, ముఖ్యంగా నాలుగు రెప్లికేషన్లు (అదే పోలికను నాలుగు చోట్ల మళ్లీ వేసి చూడటం) లేకుండా ఒక్క వాక్యం రాయని మనకు.

రాత్రి పుంగనూరు నుంచి చిన్నాయన ఫోన్ చేశాడు. వాళ్ల నాయన కాలంలో ఇండాఫ్ రకాలు వేసేవాళ్లు. మన రాగినీ ఆఫ్రికా రాగినీ శాస్త్రవేత్త లక్ష్మణయ్య గారు సంకరం చేసి తెచ్చినవి. తర్వాత అగ్గితెగులు తట్టుకుంటుందని చిన్నాయన జీపీయూ-28 అనే రకానికి మారాడు. అదీ బెంగళూరు నుంచి పోయినదే. ఏరువాకకు ఇంకో రకం వేసి చూస్తావా అని అడిగాను.

"పక్క చేన్లో ఎవురన్నా ఏసినారా పాపా?"

"ఎవరో ఒకరు ముందు వేయాలి కదా చిన్నాయనా. నీ మూడు కయ్యల్లోనూ సగం పాతది, సగం కొత్తది పెట్టు."

"కాలవ పక్క సగంలో ఏది ఏస్తే అదే గెలుస్తాది గదా!"

పొద్దున అక్కకు నేను చూపించిన పల్లం ఈయనకు చూపించనక్కర్లేదు. కాలవకు అడ్డంగా కాకుండా నిలువుగా చీల్చమన్నాను, రెండు సగాలకూ కాలవ తగిలేట్టు. ఏ సగంలో ఏది అన్నది కయ్య కయ్యకూ విడివిడిగా నాణెం వేసి తేల్చమన్నాను.

మూడు కయ్యలతో నేనేమీ నిరూపించలేను. కానీ ఆ ఊళ్లో ఇంకో పదిహేను మంది ఇట్లాగే చీల్చి వేస్తే, ఒక్కొక్కరి పొలం ఒక్కో బ్లాకు అవుతుంది. 1990ల చివర్లో ఆఫ్రికాలోని మలావీలో శ్నాప్ అనే పరిశోధకురాలి బృందం ఇదే పని చేసింది. ఊరి మధ్యలో పూర్తి హంగులతో ఒక తల్లి ట్రయల్, చుట్టూ రైతుల పొలాల్లో పిల్ల ట్రయల్స్. లెక్కకు లెక్క దొరుకుతుంది, పక్క చేను కళ్ల ముందే ఉంటుంది. మా స్టేషన్ వాళ్లను ఒప్పించాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను, ఈ వారమే ప్రతిపాదన కాగితం పెడతాను.

చిన్నాయన కాసేపు ఆలోచించి, "సరే, ఇత్తనాలు పంపించు. నాణెం మీ పిన్నమ్మతో ఏయిస్తా. నేనేస్తే నా మనసు యాడుంటాదో నాకు తెలుసు" అన్నాడు. నూర్చాక అన్నీ ఒక కుప్ప చేయకుండా ఏ సగానికి ఆ సగం తూకం వేయమని చెప్పాను. గడ్డి కూడా తూయాలా అని అడిగాడు. ఆయనకు రెండు ఆవులున్నాయి. గింజ ఎక్కువిచ్చి గడ్డి తగ్గే రకమైతే ఆయన ఇంట్లో అది గెలిచినట్టు కాదు. మా డేటా షీట్‌లో గడ్డి బరువుకు గడి ఉంది, చాలాసార్లు ఖాళీగానే వదిలేస్తారు. కాగితంలో అది కూడా తప్పనిసరి అని రాస్తాను.