5.56 ఇత్తడి నుంచి 300 బ్లాకౌట్ కేసులు: నా గ్యారేజీ పని

జనవరి 11, శనివారం

రెండు నెలలుగా షూటింగ్ రేంజిలో ఏరి తెచ్చిన 5.56 రకం తూటాల ఖాళీ కేసులతో (కాల్చాక మిగిలే ఇత్తడి గొట్టాలు) బకెట్టు నిండింది. లెక్కపెడితే 412 వచ్చాయి. నా బోల్ట్ యాక్షన్ రైఫిల్ 300 బ్లాకౌట్ అనే ఇంకో రకం తూటాది. దానికి కొత్త కేసులు కొనకుండా వీటినుంచే చేసుకోవచ్చు, ఎందుకంటే రెండింటికీ అడుగు, రిమ్ (అడుగు అంచు) ఒకటే. అమెరికాలో తూటాల కొలతలు ఖరారు చేసే సామీ సంస్థ 2011లో బ్లాకౌట్‌ను ఆమోదించింది. దాని కేసు పొడవు 1.368 అంగుళాలు దాటకూడదు. 5.56 కేసు 1.760 దాకా ఉంటుంది. అంటే పైనుంచి దాదాపు పది మిల్లీమీటర్లు తీసేయాలి.

పాత కేసుకి భుజం, అంటే ఒళ్ళు సన్నబడి గుండును పట్టే మెడగా మారే వాలు, అడుగు నుంచి 1.438 అంగుళాల దగ్గర మొదలవుతుంది. మన కోత దానికన్నా కిందే పడుతుంది. అందుకని పాత మెడ, భుజం రెండూ చెత్తబుట్టలోకి పోతాయి, పాత ఒంటి గోడే కొత్త మెడ అవుతుంది. ముందు ముందు వచ్చే చిక్కులన్నిటికీ మూలం ఇదే.

ఒక మాట. టెక్సస్‌లో ఇది మామూలు హాబీ. ఇండియాలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. ఊళ్ళో ఉన్నవాళ్ళు చదివి వదిలేయండి.

ఈ రోజు పాత ప్రైమర్లు (కేసు అడుగున ఉండి మందును అంటించే చిన్న మూతలు) పీకి, కేసులన్నీ కడిగాను. స్టీలు పిన్నులు, నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు, చిటికెడు సిట్రిక్ యాసిడ్ వేసి డ్రమ్ము రెండు గంటలు తిప్పాను. అమ్మ ఇత్తడి బిందెల్ని చింతపండుతో తోమేది. అక్కడ జరిగేదీ ఇదే, పులుపు మకిలిని కరిగిస్తుంది. కాకపోతే ఈ నీళ్ళలో ప్రైమర్ల నుంచి వచ్చిన సీసం ఉంటుంది. వంటింటి సింకు దరిదాపులకు తీసుకురాకండి. చేతికి గ్లౌజులు వేసుకోండి, పని అయ్యాక చేతులు శుభ్రంగా కడుక్కోండి.

జనవరి 18, శనివారం

సంక్రాంతి హడావుడి అయిపోయింది, కోత మొదలుపెట్టాను. హార్బర్ ఫ్రైట్‌లో దొరికే రెండంగుళాల బ్లేడు చిన్న కటాఫ్ సా, దానికి బిగించే ఒక జిగ్గు (కేసును ఒకే చోట నిలిపే పట్టు). ఇంతే సామాను. కేసు అడుగు జిగ్గు గోడకు ఆనాలి, బ్లేడు ఎప్పుడూ ఒకే దూరంలో తెగాలి. నిమిషానికి ఆరు కేసులు నిదానంగా అయ్యాయి. ఇత్తడి రజను కళ్ళలో పడితే ప్రమాదం, కళ్ళద్దాలు తప్పనిసరి.

1.385కి జిగ్గు సెట్ చేశాను. పది కేసులు కొలిస్తే 1.383 నుంచి 1.389 దాకా వచ్చాయి. నేరుగా 1.360కే కోస్తే ఒక పని తగ్గుతుంది కదా అనిపిస్తుంది. అలా చేయకండి. రంపం కోత పూర్తిగా చదునుగా ఉండదు, పైగా డైలో (కేసుకు కొత్త ఆకారం ఇచ్చే ఉక్కు అచ్చు) నొక్కినప్పుడు పొడవు మళ్ళీ మారుతుంది. ఆ కాస్త మిగులు ఉండాల్సిందే.

కోసిన అంచు లోపలా బయటా కరుకుగా ఉంటుంది. డీబర్ టూల్‌తో రెండు వైపులా గీసేశాను. దీన్ని దాటేస్తే ఆ కరుకు డై లోపల గీతలు పెడుతుంది.

జనవరి 19, ఆదివారం

ఈ రోజు తప్పు చేశాను. తొందరపడి సైజింగ్ (డైలో నొక్కి కొలతకు తేవడం) కన్నా ముందే 30 కేసులు ట్రిమ్ చేశాను, అంటే అంచు కోసి చివరి పొడవుకు తెచ్చాను. వాడింది లీ వాళ్ళ చవక కట్టర్. దాని సన్నటి పిన్ను ప్రైమర్ కన్నంలోంచి దూరి కేసు కింద ఉన్న హోల్డర్‌కు ఆనుతుంది, అక్కడినుంచి లెక్కే పొడవు. అన్నీ 1.358 దగ్గరే ఆగాయి, సంతోషపడ్డాను. తర్వాత డైలో పెట్టి తీస్తే 1.350 నుంచి 1.362 దాకా చెల్లాచెదరయ్యాయి. పొట్టివి ప్రమాదం కాదు. కానీ ఒకే పొడవు కోసమేగా ఇంత శ్రమ.

దీంతో నాకు ఒకటి బాగా అర్థమైంది. ప్రతి పనిముట్టూ ఎక్కడో ఒకచోట ఆని కొలుస్తుంది. రంపం జిగ్గుకి కేసు అడుగు ఆధారం, లీ కట్టర్‌కీ అడుగే. డబ్ల్యూఎఫ్‌టీ, జిరాడ్ లాంటి ట్రిమ్మర్లకు భుజం ఆధారం. భుజం సరైన చోట స్థిరపడకముందే వాటితో కోస్తే పొడవు ఇంకా తేడా వస్తుంది. ఏ ట్రిమ్మర్ కొన్నా సరే, ముందు సైజింగ్, ఆ తర్వాతే ట్రిమ్మింగ్.

జనవరి 25, శనివారం

అనీలింగ్, అంటే వేడి చేసి ఇత్తడిని మెత్తబరచడం. 5.56 మిలిటరీ కేసుల మెడ దగ్గర కనిపించే నీలి ఛాయ ఫ్యాక్టరీలో వేడి చేసిన గుర్తు. మనం ఆ భాగాన్నే కోసేశాం, కొత్త మెడగా మారే చోటు గట్టిగానే ఉంది. మెత్తబరచకపోతే కొన్ని నొక్కడంలోనే పగులుతాయి. డ్రిల్లులో సాకెట్ బిగించి, అందులో కేసు పెట్టి తిప్పుతూ టార్చి మంట కొనను పై భాగానికి తాకించాను. మొదటి కొన్నిటికి 750 ఫారన్‌హీట్ దగ్గర కరిగే టెంపిలాక్ అనే పూత పూసి సమయం పట్టుకున్నాను. నా టార్చికి ఆరు సెకన్లు సరిపోయాయి. అడుగు భాగం మాత్రం ఎప్పుడూ మెత్తబడకూడదు, పేలుడు ఒత్తిడిని మోసేది అదే. పొరపాటున ఎక్కువసేపు మంటలో ఉండిపోయిన మూడు కేసుల్ని ప్లయర్‌తో నలిపి పారేశాను.

సైజింగ్‌కి లానోలిన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒకటికి పన్నెండు పాళ్ళు కలిపి చల్లాను. ఆల్కహాల్ ఆరేదాకా ఆగాలి. టార్చి ఆర్పేశాకే సీసా మూత తీయాలి, ఈ విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను. ప్రెస్ పిడి మీద మామూలు కన్నా బలం పడింది గానీ, ఒక్క కేసు కూడా డైలో ఇరుక్కోలేదు. ప్రతి ఇరవై కేసులకు ఒకటి గేజిలో (కొలత సరిచూసే అచ్చు) పెట్టి చూశాను, భుజం స్థానం మారలేదు.

ఫిబ్రవరి 8, శనివారం

డబ్ల్యూఎఫ్‌టీ వచ్చింది. దాన్ని డ్రిల్లుకు బిగించి, కేసును చేత్తో లోపలికి తోస్తే భుజం బేరింగులో ఆగుతుంది, కట్టర్ మెడ అంచును కోస్తుంది. ఒక్కోదానికి మూడు నాలుగు సెకన్లు. 1.360కి సెట్ చేశాను. యాభై కేసులు కొలిస్తే తేడా 0.003 లోపే ఉంది. ఇంత బాగా వస్తుందని అనుకోలేదు. వేళ్ళు నొప్పి పుడతాయి, వందకోసారి ఆగండి. పొడవు ఎందుకింత ముఖ్యమంటే, కేసు 1.368 దాటితే మెడ చాంబరు (రైఫిల్‌లో తూటా కూర్చునే చోటు) చివర్న నొక్కుకుని గుండును గట్టిగా పట్టేస్తుంది, ఒత్తిడి పెరిగిపోతుంది.

ఆ తర్వాత మెడ మందం. ఒంటి గోడ మెడ అయింది కదా, ఒక్కో తయారీదారు కేసుకు మందం ఒక్కోలా ఉంటుంది. దీనికి సులువైన పరీక్ష ఉంది: మందు, ప్రైమర్ లేకుండా కేసులో గుండు మాత్రం దించి, మెడ బయటి వ్యాసం కొలవాలి. సామీ పరిమితి 0.334. మిజోరీలోని లేక్ సిటీ ప్లాంటువి, అడుగున ఎల్‌సీ అనీ సంవత్సరం రెండంకెలూ కొట్టి ఉన్నవి, 0.331 చూపించాయి. ఇంకో ముద్ర ఉన్నవి 0.336. ఆ ముద్రవి 58 ఉన్నాయి, అన్నిటినీ పక్కన పెట్టేశాను. వీటిని కోయకముందే ముద్రల వారీగా ఏరి ఉంటే ఒక పూట పని మిగిలేది. మీరు మొదటి రోజే ముద్రల వారీగా వేరు చేసి, ఒక్కో రకానికి రెండు కేసులు పూర్తిగా తయారుచేసి, మందం చూశాకే మిగతావి కోయండి.

ఫిబ్రవరి 9, ఆదివారం

పూర్తయినవి ఎర్ర మూత డబ్బాల్లో సర్దాను. 300 బ్లాకౌట్ తూటా కొన్నిసార్లు 223 (5.56కి దాదాపు జోడు తూటా) చాంబరులోకి దూరిపోతుంది. అప్పుడు కాలిస్తే రైఫిల్ పగిలిపోతుంది, పక్కనున్న మనిషికీ ప్రమాదమే. అందుకే 5.56 సామాను నీలి మూత డబ్బాల్లో, వేరే అరలో పెట్టాను. రెండూ ఒకే రోజు రేంజికి తీసుకెళ్ళను.

ఇంకా మిలిటరీ కేసుల ప్రైమర్ పాకెట్ల (ప్రైమర్ కూర్చునే గుంటలు) చుట్టూ ఉన్న క్రింపు, అంటే ప్రైమర్ ఊడకుండా నొక్కిన అంచు, తీయాలి. ఆ పని చేసే డిల్లన్ స్వేజరు ఒక స్నేహితుడి దగ్గర ఉంది, వచ్చే శనివారం తెచ్చుకుంటాను. అప్పటికి రంపానికి కొత్త బ్లేడు కూడా కావాలి. చివరి వంద కేసుల కోత అంచులు మొదటివాటికన్నా బాగా కరుకుగా వచ్చాయి.