రెండు బద్దలు కలిపి చేసిన విల్లు

ఆరడుగుల పొడవునా ముడి లేకుండా, మెలి తిరగకుండా ఉన్న దుంగ దొరకడం ఎంత కష్టమో విల్లు చేద్దామని బయల్దేరినవాళ్లకే తెలుస్తుంది. యూ, ఒసేజ్ ఆరెంజ్ లాంటి విల్లుకి పేరుపడ్డ చెట్లయితే మరీనూ. వంకర్లు, ముడులు వాటికి పుట్టుకతో వచ్చినవే. అదే మూడడుగుల ముక్కంటే ఆ దుంగలోనే ఎక్కడో ఒకచోట బాగున్న భాగం ఉంటుంది. అలాంటివి రెండు తెచ్చుకుని పిడి దగ్గర అతికించడమే నేను చేసిన పని.

అతుకు విల్లు అనగానే రెండో రకం సరుకన్నట్టు పెదవి విరిచేవాళ్లుంటారు. టర్కీ విల్లుల లోపలి చెక్క మామూలుగా ఐదు ముక్కలు: పిడి, రెండు లింబులు (పిడికి అటూ ఇటూ వంగే భాగాలు), రెండు కొసలు. అన్నీ సరేసుతో అతికినవే. బాణాన్ని దూరం పంపడంలో ఆ విల్లులకున్న పేరు తెలిసినవాళ్లెవరూ అతుకుని తక్కువ చేసి మాట్లాడరు.

నేను తీసుకున్నవి ఒసేజ్ బద్దలు, ఒక్కొక్కటి 36 అంగుళాలు. ఒకే దుంగని చీల్చినప్పుడు పక్కపక్కన వచ్చిన జంట. జంట కోసం పట్టుబట్టడానికి కారణం ఉంది. ఒకదానిలో వంకర ఎక్కడుందో రెండోదానిలోనూ దాదాపు అక్కడే ఉంటుంది. చెట్టు మొదలు వైపు చివరలు రెండూ పిడి దగ్గర కలిసేలా పెడితే లింబులు రెండూ ఒకే తీరుగా వంగుతాయి. వేర్వేరు చెట్ల ముక్కలతోనూ చేయొచ్చు గానీ, తర్వాత రెండింటి వంపూ సమానం చేసేటప్పుడు చుక్కలు కనిపిస్తాయి. బెరడు, బయటి తెల్లచెక్క తీసేసి, చేవలో ఒకే ఏటి వలయం వీపు (బాణం వెళ్లే వైపు ముఖం) పొడవునా తెగకుండా ఉండేలా చెక్కుకున్నాను.

రెండు చివరలూ తిన్నగా కోసి జిగురు రాసి ఆనిస్తే ఆ అతుకు నిలవదు. పోగుల్ని అడ్డంగా కోసిన చోట సన్నని రంధ్రాలన్నీ నోరు తెరుచుకుని ఉంటాయి, జిగురంతా వాటిలోకి ఇంకిపోతుంది. అందుకే చివరల్ని పొడుగాటి కోణాల్లో, వేళ్లలా కోసి ఒకదానిలోకి ఒకటి దూర్చాలి. అప్పుడు జిగురు పట్టేది ఎక్కువగా పోగుల పక్క ముఖాల మీద. నేను జెడ్ ఆకారపు అతుకు ఎంచుకున్నాను, పొడవు 4 అంగుళాలు. దీనిలో రెండు ముక్కల కోతా ఒకటే కాబట్టి, అట్టతో ఒక్క నమూనా చేసుకుంటే రెండింటికీ సరిపోతుంది. రెండు 36 అంగుళాల బద్దల్లో ఆ 4 పోతే మిగిలేది 68. విల్లుకి అది ధారాళంగా చాలు.

గీత వీపు మీద గీయాలి, కోత వీపు నుంచి కడుపు (విల్లు పట్టుకున్నవాళ్ల వైపు ముఖం) దాకా నిలువుగా దిగాలి. వీపేమో గుండ్రంగా ఉంటుంది, దాన్ని కిందికి పెడితే చెక్క ఊగుతుంది. అందుకని ముందు కడుపు వైపు చిత్రిక పట్టి చదును చేసి, దాన్ని రంపపు బల్ల మీద ఆనించి, వీపు పైకి ఉంచి కోశాను. గీత మీద కాకుండా గీతకి ఆనుకుని, వదిలేసే వైపు కోస్తే సరిచేయడానికి కాస్త చెక్క మిగులుతుంది.

తర్వాతే అసలు ఓపిక. ఒక ముక్క వేళ్లకి పెన్సిల్ పొడి రుద్ది రెండోదానిలోకి దూర్చి లాగితే, నలుపు అంటిన చోటే ఎత్తు ఉన్నట్టు. అక్కడ మాత్రమే ఆకురాయితో రెండు రుద్దులు, మళ్లీ దూర్చడం. ఈ పని మధ్యలోనే కొస నుంచి కొసకి దారం లాగి, అది పిడి మధ్యగా పోతుందా అని చూడటం మొదలుపెట్టాను. వేలు ముఖం పొడవు 4 అంగుళాలు, అక్కణ్నుంచి కొస దాకా దాదాపు 32. అంటే వేలు చివర ఎంత తీస్తే కొస దగ్గర దానికి ఎనిమిది రెట్లు జరుగుతుంది. కాగితమంత పొర లేచిందంటే దారం పిడి మధ్య నుంచి కదలడం కంటికి తెలుస్తుంది. అతుకు ఊడుతుందేమోనని అందరూ భయపడతారు గానీ, నాకు టెన్షన్ పెట్టింది ఈ దారమే. మరోపక్క, వంకర దుంగకి లేని వెసులుబాటు కూడా ఇదే: విల్లు మధ్యగీత ఎక్కడ ఉండాలో మనమే నిర్ణయించుకోవచ్చు.

ముందుకీ వెనక్కీ వంపు మాత్రం ఇంత పేచీ పెట్టదు. కోత నిలువుగా ఉంది కాబట్టి ముఖాలు ఒకదాని మీద ఒకటి కొద్దిగా జారతాయి. కొసలు కాస్త బాణం వెళ్లే వైపుకి ఉండేలా సర్దుకున్నాను.

ఒసేజ్‌లో జిడ్డు ఉంటుంది. జిగురు రాసే ముందు ముఖాల్ని హాక్సా బ్లేడు పళ్లతో గీరి, అసిటోన్‌తో తుడిచాను. నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ రెండు వైపులా రాసి, ముక్కల్ని ఎదురెదురుగా నొక్కి, పైన సైకిల్ ట్యూబు బిగించి చుట్టాను. క్లాంపుతో బలంకొద్దీ బిగించడం నాకు నచ్చదు. ఎపాక్సీకి అంత ఒత్తిడి అక్కర్లేదు, ఉన్న జిగురంతా బయటికి కక్కేస్తుంది. ట్యూబు చుట్టాక మళ్లీ దారం లాగి చూడటం మర్చిపోకూడదు, తడి జిగురు మీద చెక్క జారుతుంది.

ఆరాక ఆకురాయి పెడితే పసుప్పచ్చ చెక్కలో జెడ్ ఆకారం వెంట్రుకంత గీతగా కనిపించింది. కడుపు వైపు పిడికి ఇంకో చెక్క అతికించి, అతుకు మీద నారదారం బిగించి చుట్టి, దానికీ జిగురు పట్టించాను. పిడి, దానికి అటూ ఇటూ రెండేసి అంగుళాలు అస్సలు వంగకూడదు. అక్కడ వంగితే అతుకు మీద, పిడి చెక్క అంచుల మీద భారం పడుతుంది.

టిల్లరింగ్, అంటే రెండు లింబులూ సమానంగా వంగేలా చెక్కడం, మామూలు విల్లుకి చేసినట్టే. తాడు కట్టి కొద్దికొద్దిగా లాగుతూ, గట్టిగా ఉన్నచోట కడుపు వైపు గీరుతూ పోవడమే. జంట బద్దలు కావడంతో రెండు లింబులూ దాదాపు కలిసే వంగాయి. తాడుని 28 అంగుళాల దాకా లాగడానికి 45 పౌండ్ల బలం పట్టే దగ్గర ఆపాను. కాస్త గట్టిగా అనిపించిన లింబుని కింది వైపుకి పెట్టుకుని, పై కొసకి గుర్తుగా చిన్న గంటు పెట్టాను.