ఒక్క పాటతో సరిపెట్టుకున్న బృందం: ద జాంబీస్

హాస్టల్లో ఉన్న రోజుల్లో, ఒక ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల మధ్య దొరికిన క్యాసెట్ ఒకటి చాలాకాలం నా దగ్గర ఉండేది. అరవైలనాటి ఇంగ్లీషు పాటలను ఎవరో ఏర్చి కూర్చిన ఆ క్యాసెట్లో, రెండో వైపున, ద జాంబీస్ అనే బృందం పాడిన 'టైమ్ ఆఫ్ ద సీజన్' ఉండేది. ఆ పాట ఎత్తుగడ నాకు కంఠతా వచ్చు. బేస్ గిటార్ నాలుగు స్వరాలు పలికీ పలకకముందే డ్రమ్ము మీద ఒక దెబ్బ, ఒక చప్పట్టు, ఆ వెంటనే ఎవరో చెవి పక్కన ఊపిరి వదిలినట్టు ఒక నిట్టూర్పు. అదే వరస మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. పాట అంతగా నచ్చినా, ఆ బృందం ఇంకేమి పాడిందో తెలుసుకోవాలని నాకు ఎన్నడూ తోచలేదు. పేరు చూస్తే దయ్యాల సినిమాలా ఉంది, పాట చూస్తే జుట్టు పెంచుకున్న హిప్పీల పాటలా ఉంది. ఈ రెండూ కలిపి ఇదేదో ఒక్క పాటతో వెలిగి ఆరిపోయిన బృందమని తీర్మానించుకున్నాను. ఆ తీర్మానంలో రెండు ముక్కలూ తప్పేనని తెలియడానికి నాకు పాతికేళ్ళు పట్టింది.

కిందటి వేసవిలో అమ్మకు కంటి ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకుని, టీవీ చూడకుండా, పుస్తకం పట్టకుండా పడుకోవలసిన ఆ రోజుల్లో ఆమెకు పాటలే కాలక్షేపం. ఆమెకు కావలసిన ఘంటసాల, లీల, పి.బి. శ్రీనివాస్ పాటలన్నీ ఒకటికి రెండుసార్లు అయిపోయాక, నేను నాకోసం ఏదో పెట్టుకుంటూ జాంబీస్ 1968లో విడుదల చేసిన 'ఒడెస్సీ అండ్ ఒరాకిల్' ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరి దాకా వినడం తటస్థించింది. రెండో పాట నడుస్తుండగా అమ్మ, "ఒరేయ్, ఈ అబ్బాయెవరో మన శ్రీనివాస్ లాగా గొంతు ఎత్తకుండా పాడుతున్నాడే" అంది. కోలిన్ బ్లన్‌స్టోన్ గొంతు గురించి ఇంగ్లీషులో నేను తరువాత చదివిన పొగడ్తలేవీ ఆ మాటంత సూటిగా లేవు. ఆ కాలపు ఇంగ్లండ్ గాయకులు చాలామంది అమెరికా నల్లవారి బ్లూస్‌ను అనుకరిస్తూ గొంతు చించుకుంటున్నప్పుడు, అతను మాత్రం ఊపిరిలోంచి మాటను జారవిడిచినట్టు పాడేవాడు. దుఃఖం ఎంత ఎక్కువైతే గొంతు అంత తగ్గుతుంది.

వీళ్ళది లండన్‌కు ఉత్తరాన ఉన్న సెయింట్ ఆల్బన్స్ అనే పాత ఊరు. 1961లో స్కూలు పిల్లలుగా ఉన్నప్పుడే మొదటిసారి కలుసుకున్నారు. రగ్బీ ఆటలో ముక్కు పగిలి, రెండు కళ్ళూ నల్లగా కమిలిన ముఖంతో బ్లన్‌స్టోన్ ఆనాడు వచ్చాడట. అప్పటి ఏర్పాటు ప్రకారం అతను గిటార్ వాయించాలి, రాడ్ అర్జెంట్ పాడాలి. మధ్యలో విరామం ఇచ్చినప్పుడు అర్జెంట్ మూలనున్న పియానో మీద ఏదో వాయించగా విని, నువ్వు వాయించవలసింది ఇది కదా అని బ్లన్‌స్టోన్ అన్నాడు. ఇతను కూనిరాగం తీస్తుండగా విని, నువ్వు పాడవలసినవాడివి కదా అని అర్జెంట్ అన్నాడు. ఇద్దరూ స్థానాలు మార్చుకున్నారు. గిటార్‌కు పాల్ అట్కిన్‌సన్, డ్రమ్స్‌కు హ్యూ గ్రండీ, కొంతకాలం తరువాత బేస్ గిటార్‌కు క్రిస్ వైట్ చేరారు. అర్జెంట్ చిన్నప్పుడు ఆ ఊరి కథీడ్రల్ గాయక బృందంలో పాడినవాడు. వాళ్ళ పాటల్లో నాలుగైదు గొంతులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వినిపించే ఆ పనితనానికి మూలం బహుశా అక్కడే ఉంటుందని నా ఊహ.

1964లో ఒక స్థానిక పోటీ గెలిచి, డెక్కా కంపెనీతో ఒప్పందం చేసుకుని, వెంటనే 'షీ ఈజ్ నాట్ దేర్' అనే పాటను రికార్డు చేశారు. అది అమెరికా అమ్మకాల పట్టికలో రెండో స్థానానికి చేరింది, సొంత దేశంలో మాత్రం పన్నెండు దగ్గరే ఆగింది. మరుసటి ఏడు 'టెల్ హర్ నో' అమెరికాలో ఆరో స్థానం దాకా వెళ్ళింది. ఆ తరువాత విడుదలైన పాటలు వరసగా చతికిలబడ్డాయి. అవి పాడు పాటలేమీ కావు. కాకపోతే ఆ రోజుల్లో బృందమంటే ముందు ఫొటోలు, తరువాత పాటలు. వీళ్ళలో ఇద్దరు కళ్ళద్దాలు పెట్టుకునేవారు, అందరూ పరీక్షలు బాగా రాసిన పిల్లల్లా కనిపించేవారు, పత్రికలు కూడా వాళ్ళ మార్కుల గురించే రాసేవి. రౌడీల్లా కనిపించడం కూడా ఒక పెట్టుబడి అయిన కాలంలో ఈ కుర్రవాళ్ళకు ఆ పెట్టుబడి లేకపోయింది.

1967 వేసవి నాటికి వాళ్ళు సీబీఎస్ కంపెనీకి మారి, వెయ్యి పౌండ్ల బడ్జెట్‌తో, నిర్మాత అవసరం లేకుండా తమ పాటలను తామే రికార్డు చేసుకునే వెసులుబాటు సంపాదించారు. చాలా భాగం పని లండన్ ఆబీ రోడ్డులోని ఈఎంఐ స్టూడియోలో జరిగింది. బీటిల్స్ అంతకు కొద్దికాలం ముందే అక్కడ 'సార్జెంట్ పెప్పర్స్' ఆల్బమ్ ముగించారు. జాన్ లెనన్ మెలోట్రాన్ అక్కడే ఉండిపోతే వీళ్ళు దాన్ని వాడుకున్నారు. మెలోట్రాన్ అనేది చిత్రమైన వాద్యం. చూడడానికి పియానో లాగే మెట్లుంటాయి కాని, ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క ఉంటుంది. మెట్టు నొక్కితే ఆ టేపు మీద ముందే రికార్డు చేసిన వేణువో వయొలిన్లో ఆ స్వరంలో పలుకుతాయి. టేపు నిడివి ఎనిమిది సెకన్ల పాటిది, ఆ తరువాత వేలు తీసి మళ్ళీ నొక్కవలసిందే. వాద్యబృందానికి డబ్బులేని ఐదుగురు కుర్రవాళ్ళు ఒక పెద్ద ఆర్కెస్ట్రా ఉన్నట్టు భ్రమ కలిగించింది ఆ ఎనిమిది సెకన్ల టేపు ముక్కలతోనే. ఆ సంగతి తెలిశాక 'హంగ్ అప్ ఆన్ ఎ డ్రీమ్' వింటే, ఆ వయొలిన్లలో ఉండే కొద్దిపాటి వణుకు, అసలు వాద్యానికి ఉండని ఆ పాతబడిన గుణం ప్రత్యేకంగా వినిపించాయి.

ఆల్బమ్‌లో మొదటి పాట 'కేర్ ఆఫ్ సెల్ 44'. నేను మొదట అందులో బాణీనే విన్నాను. తెల్లవారుజామున కిటికీ తెరిచినట్టుండే పియానో, దానిమీద ఎగురుతూ పోయే బేస్ గిటార్, మధ్యలో వాద్యాలన్నీ ఆగిపోయి గొంతులు మాత్రమే మిగిలే చోటు. పెళ్ళివారింట్లో పెట్టదగిన పాట. రెండోసారి మాటలు పట్టించుకుంటే తెలిసింది, అది జైల్లో ఉన్న ప్రియురాలికి రాసిన ఉత్తరం. ఆమె విడుదల దగ్గర పడింది, తిరిగి వచ్చే దారి గురించి, ఆమె గది సర్దడం గురించి అతను సంబరంగా రాస్తున్నాడు. ఆమె చేసిన నేరమేమిటో పాట చెప్పదు, అతను అడిగినట్టు కూడా ఉండదు. విషాదగీతానికి విషాదపు బాణీ కట్టడం ఎవరైనా చేయగలరు. జైలు గోడ పక్కన ఇంత ఎండను పరచడం మరొకరు చేయగా నేను వినలేదు. ఈ పాటను 1967 చివర్లో సింగిల్‌గా, అంటే విడి పాట రికార్డుగా, విడుదల చేస్తే ఎవరూ కొనలేదు.

ఇందుకు పూర్తిగా ఎదురుగా నిలిచే పాట 'బుచర్స్ టేల్'. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు యుద్ధరంగానికి వచ్చిపడిన ఒక కసాయి చెప్పుకునే కథ ఇది. మాంసం కోసే వృత్తిలో ఉన్నవాడికి కూడా చేతులు వణికే దృశ్యాలు. దీన్ని బ్లన్‌స్టోన్ పాడలేదు, రాసిన క్రిస్ వైట్ తానే పాడాడు. పాడడం తెలిసినవాడి గొంతు కాదు అది. సన్నగా, బెదిరినట్టు ఉంటుంది, అందుకే అతికినట్టు సరిపోయింది. పాట వెనుక గిటార్ లేదు, డ్రమ్ము లేదు. కాలితో తొక్కే పాత హార్మోనియం ఒక్కటే ఉబ్బసం మనిషిలా ఊపిరి పీలుస్తూ నడుస్తుంది. అది మొదలైన వెంటనే అమ్మ పక్క మీద లేచి కూర్చుని, "ఇది మన నాటకాల హార్మోనియం కదూ?" అంది. వాళ్ళ ఊళ్ళో తిరునాళ్ళకు పద్యనాటకం వేసినప్పుడు, తెర లేవకముందు హార్మోనిస్టు కాలితో తొక్కుతూ శ్రుతి పట్టేవాడట. పద్యం చివర నటుడు రాగం తీస్తుంటే ఆ తొక్కుడు చప్పుడు కూడా రాగంతో పాటు ముందు వరసలో కూర్చున్న పిల్లలకు వినిపించేదట. ఇంగ్లీషు చర్చీల్లో ప్రార్థనకు వాడిన వాద్యమూ, మన రంగస్థలం మీద కృష్ణరాయబారం పద్యాలకు తోడునిలిచిన వాద్యమూ ఒకే కుటుంబానివి, తోలుతిత్తి గాలితో పలికేవే. ఆ పాటలో మాట ఒక్కటీ అమ్మకు అర్థం కాలేదు. అయినా ముగిశాక, "ఎవరో పోయారు దీంట్లో" అని మళ్ళీ పడుకుంది.

ఈ ఆల్బమ్ బయటికి రాకముందే బృందం విడిపోయింది. కారణం నేను ఊహించుకున్నట్టు అహంకారాలూ కాదు, మత్తుపదార్థాలూ కాదు, లెక్కలు. పాటలు రాసిన అర్జెంట్‌కూ వైట్‌కూ రాయల్టీలు వచ్చేవి. పాడినవాడికి, గిటార్ వాయించినవాడికి, డ్రమ్ము కొట్టినవాడికి ప్రదర్శన డబ్బులే ఆధారం, ప్రదర్శనలా తగ్గిపోతున్నాయి. ఒకే వేదిక మీద నిలబడిన ఐదుగురిలో ఇద్దరు నిలదొక్కుకుని ముగ్గురు అప్పుల్లో ఉంటే ఆ బృందం ఎన్నాళ్ళు నడుస్తుంది? 1967 డిసెంబరులో గొడవ లేకుండా విడిపోయారు. ఆల్బమ్‌ను మోనోలో, అంటే ధ్వనులన్నీ ఒకే దారిలో కలిపి, అప్పగిస్తే కంపెనీ రెండు దారుల్లో పలికే స్టీరియో కూడా కావాలంది, బడ్జెట్ అప్పటికే అయిపోయింది. ఆ ఖర్చును అర్జెంట్, వైట్ తమ జేబులోంచి పెట్టుకున్నారు. అయితే 'దిస్ విల్ బీ అవర్ ఇయర్' పాటలో ట్రంపెట్లూ ట్రాంబోన్లూ మోనో మిక్స్ చేసే సమయంలోనే నేరుగా కలిపేయడం వల్ల వాటిని మళ్ళీ విడదీసే వీలు లేకపోయింది. ఆ పాట పాత స్టీరియో రికార్డుల్లో కొంచెం బోలుగా వినిపించడానికి కారణం అదే. అట్ట మీద బొమ్మ వేసిన స్నేహితుడు టెర్రీ క్వర్క్, 'ఒడెస్సీ' అనే మాటలో ఇంగ్లీషు 'వై' ఉండవలసిన చోట 'ఈ' రాసేశాడు. సరిదిద్దే సమయం లేక, అది కావాలనే అలా రాశామని చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. ముద్దొచ్చే అబద్ధం.

1968 ఏప్రిల్లో ఇంగ్లండులో విడుదలై ఎవరూ పట్టించుకోని ఆ రికార్డును అమెరికా సంగీతకారుడు ఆల్ కూపర్ లండన్ వెళ్ళినప్పుడు విని, తాను పనిచేస్తున్న కొలంబియా కంపెనీ అధిపతి క్లైవ్ డేవిస్ వెంటపడి అక్కడ విడుదల చేయించాడు. అక్కడివాళ్ళు మొదటి సింగిల్‌గా ఎంచుకున్నది, నమ్మండి, ఆ కసాయి పాటను. వియత్నాం యుద్ధపు రోజులు కాబట్టి ఆడుతుందనుకున్నారు, ఆడలేదు. చివరికి 'టైమ్ ఆఫ్ ద సీజన్' 1969 మార్చిలో మూడో స్థానానికి ఎక్కింది. ఆ పాట రికార్డు చేసేటప్పుడు బ్లన్‌స్టోన్‌కు బాణీ ఇంకా నోటికి పట్టలేదు, అర్జెంట్ అవతలి గదిలోంచి ఇలా కాదు అలా అని దిద్దుతుంటే విసిగిపోయి, అంత బాగా తెలిస్తే నువ్వే వచ్చి పాడుకో అన్నాడట. అది అమెరికా అంతా మోగేనాటికి బృందం లేదు. బ్లన్‌స్టోన్ లండన్‌లో ఒక బీమా కంపెనీలో గుమాస్తా పని చేసి వచ్చాడు. అర్జెంట్, వైట్ కొత్త బృందం పనిలో ఉన్నారు. మళ్ళీ కలవమని డబ్బు చూపించినా కలవలేదు. వీళ్ళు కలవకపోతే ఏమిటని అమెరికాలో కొందరు నకిలీ జాంబీస్ బృందాలను తయారుచేసి ఊరూరా తిప్పారు. టెక్సాస్ కుర్రవాళ్ళతో కట్టిన ఒక నకిలీ బృందంలో ఉన్న డస్టీ హిల్, ఫ్రాంక్ బియర్డ్ ఆ తరువాత జీజీ టాప్ అనే బృందంతో అసలైన పేరే తెచ్చుకున్నారు.

తక్కిన కథ త్వరగానే చెప్పవచ్చు. రికార్డు నెమ్మదిగా, చెవి నుంచి చెవికి పాకింది. అట్కిన్‌సన్ 2004లో కన్నుమూశాడు. మిగిలిన నలుగురూ 2008లో లండన్ షెపర్డ్స్ బుష్‌లో ఆ ఆల్బమ్ మొత్తాన్ని వేదిక మీద వాయించారు. చేసిన నలభై ఏళ్ళకు దాన్ని ప్రేక్షకుల ముందు పూర్తిగా వాయించడం అదే మొదలు. 2019లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరికింది. ఇంతా చేసి, నాకు ఆ క్యాసెట్ పాట ఇప్పుడు ఆల్బమ్‌లో అన్నిటికంటే తక్కువ నచ్చుతుంది. చెడ్డది కాదు, కాని అది వీళ్ళ ముఖం కాదు. ఎవరైనా కొత్తగా వినాలనుకుంటే దాన్ని చివరికే ఉంచుకోండి, అది అక్కడే ఉంది కూడా.

అమ్మ నల్లద్దాలు తీసేసి రెండు నెలలైంది. మొన్న వంటింట్లో బెండకాయలు తరుగుతూ, "ఆ జైలు పాట ఒకసారి పెట్టరా" అంది. పెట్టాను. వాద్యాలు ఆగి గొంతులు మాత్రమే మిగిలే చోట కత్తి ఆపి విని, పాట అయిపోయాక అడిగింది:

"ఇంతకీ ఆ పిల్ల ఇంటికొచ్చిందా?"

"ఇంకా లేదమ్మా. రేపో మాపో వస్తుందని ఉత్తరం రాస్తున్నాడు."

"అయితే ఇంకోసారి పెట్టు" అంది.