డిప్రెషన్‌కి సర్కస్ ఏంటి అన్నవాళ్ల కోసం, నా అనుభవం

నిన్నటితో పన్నెండు వారాలు అయిపోయాయి. మణికట్టు ఇంకా నొప్పిగానే ఉంది, ఎడమ మోకాలు దోక్కుపోయిన చోట మచ్చ ఉంది. ఇవి మానకముందే రాసేద్దామని కూర్చున్నా, ఎందుకంటే మానాక నేను కూడా అందరిలాగే అంతా బంగారంలా జరిగిందని రాసేస్తా, నా సంగతి నాకు తెలుసు.

నాకు డిప్రెషన్, దానికి తోడు యాంగ్జైటీ. రెండేళ్లుగా మందులూ కౌన్సెలింగూ నడుస్తున్నాయి. కౌన్సెలర్ గారే ఒకరోజు "మాటలు చాలా మాట్లాడుకున్నాం, ఇక ఒంటికి కాస్త పని చెబుదామా" అన్నారు. వాకింగో యోగానో అంటారేమో అనుకున్నా, సర్కస్ అన్నారు. మానసిక ఆరోగ్యం కోసమే నడిపే క్లాసట, షోలు ఉండవట, వారానికి ఒకసారి రెండు గంటలట. "నా బతుకు ఆల్రెడీ సర్కసే కదండీ" అన్నా. ఆవిడ నవ్వలేదు. వచ్చిన ప్రతివాళ్లూ ఇదే జోకు వేస్తారేమో పాపం.

చేరడానికి డాక్టర్ సంతకం కావాలన్నారు. ఆయన బీపీ చూసి, కళ్లు తిరుగుతాయా, వెన్ను నొప్పి ఉందా అని అడిగి రెండు నిమిషాల్లో పెట్టేశారు. తిప్పలన్నీ కౌంటర్ దగ్గరే. అక్కడ ఇచ్చే ఫారంలో 9 ప్రశ్నలుంటాయి, పీహెచ్‌క్యూ-9 అంటారు. గత రెండు వారాల్లో నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా అని ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కు పెట్టాలి, మొత్తం 27, ఎంత ఎక్కువ వస్తే డిప్రెషన్ అంత ఎక్కువని. చివరి ప్రశ్న చచ్చిపోవాలని అనిపిస్తోందా అని. అది నింపడానికి నాకు ఎంత సేపు పట్టిందో చెప్పను. నింపి ఇచ్చా, 16 వచ్చింది. వారం తర్వాత వెళ్తే కౌంటర్‌లో ఆయన తలెత్తకుండానే "మీ ఫారం కనపడట్లేదు, ఇంకోటి నింపండి" అన్నాడు. మళ్లీ నింపితే 17 వచ్చింది. ఆ పెరిగిన ఒక్క మార్కూ ఆయన పుణ్యమే. అందుకే చెప్తున్నా, ఎవరికైనా ఏ ఫారం ఇచ్చినా ముందు ఫోన్లో ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

మొదటి నాలుగు వారాలు హాయిగా గడిచాయి. పల్చటి రుమాళ్లు ఎగరేశాం, అవి మెల్లగా దిగుతాయి కాబట్టి ఎవరైనా పట్టుకుంటారు. పుల్ల మీద ప్లేటు తిప్పాం. ఆ ప్లేటు అడుగున గుంట ఉంటుంది, పుల్ల మొన అందులో పడిందంటే ఇక పడదు. ఒకరకంగా మోసమే, కానీ ఏదీ చేతకాదని నమ్మి వచ్చినవాళ్లకి మొదటిరోజు ఆ మాత్రం మోసం చెయ్యాలి. మోకాలెత్తు తీగ మీద నడిపించారు, కాళ్ల వైపు కాకుండా తీగ అవతలి చివర చూడమన్నారు, నేను కాళ్లే చూశా, దిగిపోయా. ఒంటి చక్రం సైకిల్ జోలికి వెళ్లలేదు, వెళ్లను కూడా.

నచ్చింది మాత్రం బంతులే. మూడు బంతుల జగ్లింగ్‌లో కిటుకు ఒక్కటే, ఒక బంతి కళ్ల ఎత్తుకి వెళ్లి కిందికి తిరిగేటప్పుడు రెండో చేతిలోది వదలాలి. కంగారుపడి ముందే వదిలేస్తే గాల్లో ఢీకొంటాయి. నా బంతులన్నీ ముందుకి పోయేవి, వాటి వెనక నేను, హాల్ ఈ చివరి నుంచి ఆ చివరికి. గోడకి ఎదురుగా నిలబడి చెయ్యమన్నాక అది కుదురుకుంది. ఇంట్లో చేసేవాళ్లు మంచం ముందు నిలబడండి, పడితే మంచం మీదే పడతాయి, వంగే పని తగ్గుతుంది. టెన్నిస్ బంతులు వద్దు, ఎగిరి సోఫా కిందికి పోతాయి. లోపల గింజలు పోసి కుట్టిన గుడ్డ బంతులైతే పడ్డచోటే ఉంటాయి.

దీనివల్ల ఉపయోగం ఏంటి అంటే, నా బుర్ర పొద్దస్తమానం ఒకటే అరిగిపోయిన రికార్డు వేస్తుంది, నాలుగేళ్ల కిందట ఎవరో అన్న మాట, నేను తిరిగి అనలేకపోయిన మాట. ఒక బంతి చేతిలో, ఒకటి గాల్లో, ఒకటి జారబోతూ ఉంటే ఆ రికార్డుకి చోటుండదు. పదిహేను సెకన్లే అయినా ఉండదు. ఇంటికొచ్చి వెతికితే 2004లో నేచర్ పత్రికలో వచ్చిన జర్మన్ పరిశోధన ఒకటి దొరికింది. మూడు నెలలు జగ్లింగ్ నేర్చుకున్నవాళ్ల మెదడు స్కాన్ చేస్తే కదలికల్ని చూసి పట్టుకునే భాగంలో గ్రే మ్యాటర్ (నరాల కణాలుండే బూడిదరంగు పదార్థం) పెరిగిందట, మానేశాక మళ్లీ తగ్గిందట. 2007లో జపాన్‌లో యాంగ్జైటీ ఉన్న 17 మంది ఆడవాళ్లని తీసుకుని, మామూలు ట్రీట్‌మెంట్‌కి తోడు కొంతమందికి జగ్లింగ్ నేర్పితే వాళ్ల ఆందోళన మిగతావాళ్ల కంటే బాగా తగ్గిందట. 17 మందే కాబట్టి దానికే పండగ చేసుకోలేదు. కానీ ఆ రాత్రి మంచం ముందు నిలబడి ఇంకో గంట చేశా.

ఇప్పుడు అసలు కథ, ఐదో వారం.

హాల్ నిండా మ్యాట్లు పరిచారు. ఇద్దరిద్దరు కలిసి చేసే బ్యాలెన్సులట. ట్రైనర్ కుర్రాడు చాలా హుషారైనవాడు, మనసులో ఏమీ ఉండదు, ఆ హుషారే నా కొంప ముంచింది. అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి, చేతిలో నోట్‌బుక్ పట్టుకుని, "జోడీలు కట్టాలి, ఒక్కొక్కరు మీ బరువు చెప్పండి" అన్నాడు.

అందరి ముందూ, అదీ గట్టిగా.

ఒకామె 52 అంది, ఒకాయన 61 అన్నాడు, అలా తిరుగుతూ తిరుగుతూ నా వైపు వస్తోంది. మందులు మొదలుపెట్టాక రెండేళ్లలో నేను 14 కిలోలు పెరిగా. కొన్ని మందులకి అది మామూలేనని డాక్టర్ ముందే చెప్పారు, చెప్పినంత మాత్రాన పాత బట్టలు పడతాయా. ఆ వారం నా బరువు 82. నా వంతు వచ్చింది, నోట్లోంచి 68 అని వచ్చింది. ఆలోచించి చెప్పిన అబద్ధం కూడా కాదు. ఆయన రాసుకుని నన్ను ఒక సన్నటి పిల్లతో జోడీ కట్టాడు.

మొదటిది చూడటానికి చాలా తేలిక. ఎదురెదురుగా నిలబడి, కాలి వేళ్లు కాలి వేళ్లకి ఆనించి, ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుని (అరచేతులు కాదు, చెమటకి జారతాయి) చేతులు నిటారుగా చాపి ఇద్దరూ వెనక్కి వాలాలి. అలా వాలుతూ కుర్చీలో కూర్చున్నట్టు కిందికి దిగాలి. నా బరువు ఆ అమ్మాయిని, ఆమె బరువు నన్ను ఆపుతుంది. ఇద్దరూ పూర్తిగా వాలితేనే అది నిలబడేది.

నేను వాలితే గదా. లోపల 82 ఉంది, బయట చెప్పింది 68, ఆ తేడా పద్నాలుగూ ఆ పిల్ల చేతుల మీద పడుతుందని భయం. అందుకని మోచేతులు వంచేసి, నడుము వెనక్కి తోసి, నా బరువు నా దగ్గరే దాచుకుంటున్నా. "లాగొద్దక్కా, వాలు" అంటుంది ఆ అమ్మాయి. ఇదిగో వాలుతున్నా అంటూ లాగుతున్నా. ఇంతలో ట్రైనర్ వచ్చి, నా అవస్థ చూసి, చరిత్ర పాఠం మొదలుపెట్టాడు. 1768లో లండన్‌లో ఫిలిప్ ఆస్ట్లీ అని మాజీ సైనికుడు గుర్రం మీద నిలబడి స్వారీ చేసేవాడట, తిన్నగా పోయేదానికంటే గుండ్రంగా తిరుగుతూ లోపలి వైపు వాలితే పడకుండా నిలబడొచ్చట, అందుకే ఇప్పటికీ సర్కస్ రింగు అడ్డంగా 42 అడుగులు ఉంటుందట, "అంటే సర్కస్ పుట్టిందే వాలడంలోంచి అండీ!" అని. చాలా మంచి విషయం. చేతులు వణుకుతూ సగం వంగి ఉన్న మనిషికి చెప్పాల్సిన సమయమా అది?

ఆ అమ్మాయి నన్ను నమ్మి పూర్తిగా వాలింది. నేను వాలలేదు. ఇద్దరం పడ్డాం, ఆమె వెనక్కి, నేను ముందుకి, మోకాలు మ్యాట్ అంచు దాటి నేలకి రాసుకుపోయింది. ఆ పిల్ల లేచి దుమ్ము దులుపుకుంటూ, ఎగతాళేమీ లేకుండా, నిజంగానే అర్థంకాక అడిగింది, "అక్కా, నీ బరువు నిజంగా అరవై ఎనిమిదేనా?"

హాలంతా విన్నారు. విన్నారో లేదో తెలీదు కానీ నాకలాగే అనిపించింది. నేను ఒక్క మాట మాట్లాడకుండా బాత్రూమ్‌లోకెళ్లి గడియ పెట్టుకున్నా. ఇరవై నిమిషాలు. నల్లా విప్పి ఏడ్చా, చప్పుడు వినపడకుండా. ఇక రానని మెసేజ్ కూడా టైప్ చేసి పెట్టుకున్నా.

తలుపు ఎవరో కొట్టారు. మా బ్యాచ్‌లో అరవై దాటిన ఒక పెద్దావిడ ఉన్నారు, భర్త పోయాక నిద్రపట్టక వచ్చారు, ఎవరితోనూ పెద్దగా మాట్లాడరు. బయట నుంచే అన్నారు, "అమ్మాయ్, నాది 79. ఆ అబ్బాయికి 65 అని చెప్పా. తలుపు తియ్యి, ఇద్దరం దొంగలమే, జోడీ సరిపోతుంది."

నవ్వొచ్చింది. ఏడుపులో నవ్వొస్తే ముక్కు ఎంత ఘోరంగా కారుతుందో తెలుసు కదా, అలాగే తలుపు తీశా.

ఆవిడతో చేస్తే మూడోసారికి నిలబడింది. ఇద్దరి అంకెలూ ఇద్దరికీ తెలుసు, ఇంక దాచుకునేదేముంది. చేతులు నిటారుగా సాగాయి, భుజాలు వదులయ్యాయి, వెనక్కి వాలితే పడాల్సిన చోట పడలేదు. ఇది ఎలా చెప్పాలో తెలీట్లేదు. రెండేళ్లలో నా బరువు ఎవరికైనా పనికొచ్చిందంటే అదే మొదటిసారి, నేను తేలికగా ఉంటే ఆవిడ పడిపోయేవారు.

నా కోపం ఎక్కడంటే, తర్వాత తెలిసింది, ఈ బ్యాలెన్స్‌కి ఇద్దరి బరువూ సమానంగా ఉండక్కర్లేదట! బరువున్న మనిషి కొంచెం తక్కువ వాలితే చాలట. మరి నోట్‌బుక్ పట్టుకుని అడగడం దేనికి? అంత కావాలంటే చీటీ మీద రాయించుకోవచ్చు. మనసు బాలేకే కదా అందరం అక్కడికి వచ్చింది, మందులతో ఒళ్లు మారిపోయినవాళ్లు ఆ గుండ్రంలో నేనొక్కదాన్నే కాదు. వారం ఆగి ట్రైనర్‌కి మొహం మీదే చెప్పా. "ఆలోచించలేదండీ, సారీ" అన్నాడు, ఎర్రబడిపోయాడు. మంచివాడే. అయినా కోపం పూర్తిగా పోలేదు, అబద్ధం ఎందుకు. ఆ సన్నటి పిల్లకి మాత్రం నా నిజం అంకె చెప్పి క్షమాపణ అడిగా. "అందుకా!" అంది, అంతే.

ఏడో వారం నుంచి నేను బేస్. అంటే కింద వెల్లకిలా పడుకుని కాళ్లు నిటారుగా పైకెత్తితే, పైవాళ్లు తమ తుంటి ఎముకలు నా పాదాల మీద ఆనించి పక్షిలా చేతులు చాపుతారు, పక్కన పట్టుకోవడానికి ఒక మనిషి ఉంటారు. కాళ్లు తిన్నగా ఉంటే మోసేది ఎముక, కండ కాదు, అందుకని అనుకున్నంత బరువనిపించదు. మోకాళ్లు కొంచెం వంగాయా, చచ్చామే. కొంచెం గొప్ప చెప్పుకుంటా, బ్యాచ్‌లో నాకంటే కదలని బేస్ లేదు, ఇది నా మాట కాదు, ట్రైనర్ మాట. ఆ సన్నటి పిల్ల ఇప్పుడు నా పాదాల మీద ఎగురుతూ కబుర్లు చెప్తుంది.

మధ్యలో ఒక తెలివితక్కువ పని కూడా చేశా. తొమ్మిదో వారంలో బాగానే ఉన్నా కదా అని ఎవరికీ చెప్పకుండా మాత్రలు ఆపేశా. నాలుగు రోజులకి తల తిరగడం, బుర్రలో కరెంట్ కొట్టినట్టు జిల్లుమనడం, ఊరికే ఏడుపు. డాక్టర్ చేత చివాట్లు తిని మళ్లీ మొదలుపెట్టా. బంతులు మందులకి బదులు కాదు, ఎవరైనా అలా చెప్తే నమ్మకండి, నేను చెప్పినా సరే. తగ్గించాలంటే డాక్టర్‌ని అడిగి మెల్లగా తగ్గించాలి.

నిన్న చివరి క్లాసులో మళ్లీ అదే 9 ప్రశ్నల ఫారం నింపితే 10 వచ్చింది. నిద్ర దగ్గర ఇంకా 2 పెట్టాల్సి వచ్చింది, మిగతావి తగ్గాయి. మూడు బంతులు వరసగా 61 క్యాచ్‌లు పట్టా, పెద్దావిడ లెక్కపెట్టారు, కావాలంటే ఆవిడనే అడగండి. ఆవిడా నేనూ వచ్చే బ్యాచ్‌లో కూడా చేరుతున్నాం.

కొత్త ఫారంలో బరువుకి ఒక గడి పెట్టారు, రాయకపోయినా పర్లేదట, ఇక గదిలో ఎవర్నీ అడగరట. నేను 81 అని రాసి ఇచ్చా. ఫోటో తీసుకున్నాకే ఇచ్చాలెండి, కౌంటర్‌లో ఇంకా ఆయనే ఉన్నాడు.