ఒకినావాలో చూసిన పొట్టి గుర్రం

పోయిన వారం జపాన్‌లోని ఒకినావాలో యొనగుని అనే పొట్టి జాతి గుర్రాన్ని దగ్గర్నుంచి చూశా, వీపు నా ఛాతీ దాకే వచ్చింది, జూలు మాత్రం కళ్ళ మీద పడేంత ఒత్తుగా ఉంది. ఒకప్పుడు ఈ ఒకినావా ర్యుక్యు రాజ్యం కదా, 1372 నుంచి చైనాలోని మింగ్ వంశపు చక్రవర్తికి కానుకగా గుర్రాలూ గంధకమూ పంపేవాళ్ళు, బదులుగా పింగాణీ, పట్టు వచ్చేవి. ఉత్తరాన మంగోలులతో యుద్ధాలు, చైనాకి గుర్రాలు కావాలి, 1383లో అయితే ఒక్కసారే 983 కొనుక్కెళ్ళారు! అన్ని గుర్రాల్ని ఓడలెక్కించి సముద్రం దాటించడం... తలుచుకుంటేనే గుండె బరువెక్కింది. ఇక్కడి పాత పందేల్లో వేగం కాదు, ఒకే పక్క కాళ్ళు కలిపి వేస్తూ ఎంత అందంగా నడిచిందో చూసి గెలిపిస్తారట, అది నాకు భలే నచ్చేసింది. మెడ నిమిరితే వెచ్చగా ఊపిరి వదిలింది, చాలాసేపు కదల్లేకపోయా.