ఐదు గబ్బిలాల భరిణె

లండన్‌లో ఈ రోజు తెల్లవారినప్పటి నుంచీ సన్నని జల్లు పడుతూనే ఉంది. పై అంతస్తులో ఉండే చైనా ఆవిడ పోయిన వారం ఇచ్చిన ఎర్రని భరిణెను అమ్మ కుంకుమకని బయటికి తీసి, మూత మీద చెక్కినవి సీతాకోకచిలుకలు కావని, గబ్బిలాలని గమనించగానే, "గబ్బిలం ఇంట్లోకొస్తేనే అరిష్టం, దేవుడి దగ్గర పెట్టమంటావేటే?" అని పక్కన పెట్టేసింది.

మధ్యాహ్నం దాన్ని కిటికీ వెలుగులో పెట్టి అమ్మకు చూపించాను. చైనా భాషలో గబ్బిలం పేరులోని 'ఫూ', భాగ్యమనే అర్థమున్న 'ఫూ' ఒకే ధ్వని. ఎరుపుకూ అపారమనే మాటకూ కూడా 'హోంగ్' అనే పలుకే కాబట్టి, ఎర్ర గబ్బిలాన్ని చెక్కడమంటే అపారమైన భాగ్యం కలగాలని పలకడమే. మూత మీది నేపథ్యమంతా సన్నని పూలగళ్ళు. వాటి మీద, నడుమ ఉన్న దీర్ఘాయువు అక్షరం చుట్టూ, ఐదు గబ్బిలాలు రెక్కలు చాచి ఉన్నాయి.

ఏటికొప్పాక దగ్గర పుట్టిన అమ్మ వెంటనే "ఇది లక్కేనా?" అని అడిగింది. మన లక్క కొమ్మల మీది పురుగులు పెట్టేది. తరిణి మీద తిరిగే అంకుడు కర్రకు ఒత్తితే రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది. చైనావారిది చెట్టుకు గాట్లు పెట్టి తీసే పాలు. పచ్చిగా తగిలితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది, పైగా అది గట్టిపడటానికి పొడిగాలి కాదు, తేమ కావాలి. ఇంగిలీకమనే ఎర్రని రంగుపొడి కలిపిన ఆ పాలను పలుచగా పూసి, గట్టిపడనిచ్చి, మళ్ళీ పూస్తారు. ఇక్కడి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 1425-1436 నాటి ఎర్రని బల్ల ఒకటి ఉంది. దాని మీది డ్రాగన్లనూ ఫీనిక్స్ పక్షులనూ చెక్కడానికి తగిన మందం రావాలంటే ఎన్ని పూతలు, ఎన్ని నెలల ఓపిక కావాలో తలచుకుంటే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది.

ఐదు గబ్బిలాలు ఐదు భాగ్యాలు: దీర్ఘాయువు, సంపద, ఆరోగ్యంతో కూడిన నెమ్మది, మంచితనం మీద ప్రీతి, నిండు జీవితం చివర ప్రశాంతమైన మరణం. చివరిది వినగానే అమ్మ చేతిలోని గుడ్డ ఆగింది.

"అనాయాసేన మరణం, వినా దైన్యేన జీవనం. రోజూ గుళ్ళో మనం అడిగేదే కదే," అంది.

తరువాత భరిణెను దగ్గరికి లాక్కుని, "వీటిలో ఆ ఐదోది ఏది?" అంటూ ఒక్కొక్క గబ్బిలం మీదా వేలు పెట్టి చూసింది. ఐదూ ఒకే తీరుగా ఉన్నాయి.