హూయిజ్‌లో మా ఇంటి నంబరు

2011లో నేను నల్లగొండ జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో సోషల్ చెప్పేదాన్ని. సాయంత్రాలు కలం పేరుతో బ్లాగు రాసేదాన్ని. బాత్రూములు లేక ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలు నెలకు నాలుగు రోజులు బడి మానేయడం, మధ్యాహ్న భోజనం బిల్లులు రాక వంట చేసే ఆమె కిరాణా కొట్టులో అప్పులు పెట్టడం, ఇలాంటివే రాశాను. ఊరి పేరుగానీ, బడి పేరుగానీ ఎక్కడా రాయలేదు.

కొన్నాళ్లకు బ్లాగు కోసం ఒక డాట్‌కామ్ డొమైన్, అంటే సొంత వెబ్ చిరునామా, కొనుక్కున్నాను. ఫారంలో పేరు, ఇంటి నంబరు, మొబైల్ నంబరు అడిగితే అన్నీ నిజమైనవే నింపాను. తప్పుడు వివరాలిస్తే డొమైన్ రద్దు చేస్తామని రాసి ఉంది మరి.

ఒకరోజు రాత్రి తొమ్మిదింటికి తెలియని నంబరు నుంచి ఫోన్. "టీచరమ్మా, ఆ రాతలు మీవే కదా? మీ వీధి మాకు తెలుసు" అన్నాడు. గొంతులో కోపం లేదు. అందుకే ఎక్కువ భయం వేసింది. మర్నాడు హెచ్‌ఎం సార్ బల్ల మీద ఒక ప్రింటవుట్. అందులో నా పూర్తి పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు. "పైదాకా వెళ్తే మెమో ఇస్తారమ్మా, తీసేయండి" అన్నారాయన. ఆ రాత్రే పదకొండు పోస్టులు తీసేశాను.

మా చెల్లెలి కొడుకు హైదరాబాద్‌లో నెట్‌వర్కింగ్ ఉద్యోగం చేస్తాడు. వాడే చెప్పాడు, "పెద్దమ్మా, ఎవరూ హ్యాక్ చేయలేదు. హూయిజ్ అని డొమైన్ ఎవరిదో చూపించే జాబితా ఉంటుంది. అందులో డొమైన్ పేరు కొడితే ఎవరికైనా కనిపిస్తుంది" అని. వివరాలు దాచే సర్వీసు ఉందట, దానికి ఏడాదికి విడిగా డబ్బు కట్టాలట. కొనేటప్పుడు ఆ మాట నాతో ఎవరూ అనలేదు.

ఈ నియమం ఎవరు పెట్టారో తెలుసుకోవాలనిపించింది. డొమైన్ పేర్ల వ్యవస్థను చూసేది కాలిఫోర్నియాలో 1998లో పుట్టిన ఐకాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ. కొన్నవాళ్ల వివరాలు అందరికీ చూపించాలని డొమైన్లు అమ్మే కంపెనీలతో ఒప్పందం రాయించుకున్నది అదే. 2016 సెప్టెంబర్ 30 దాకా దాని ముఖ్యమైన పని మీద అమెరికా వాణిజ్య శాఖ అజమాయిషీ ఉండేది. ఆ తర్వాతా ప్రభుత్వాలు బయటికి పోలేదు. వాటికి అక్కడ ఒక సలహా సంఘం ఉంది, మన దేశానికీ అందులో కుర్చీ ఉంది. పోలీసు సంస్థల తరఫున ఆ సంఘంలోనే మళ్లీ ఒక ప్రజా భద్రతా బృందం.

అమెరికా పక్కకు తప్పుకున్నాక జరిగిన మొదటి ఐకాన్ సభ మన హైదరాబాద్‌లోనే, 2016 నవంబర్ 3 నుంచి 9 దాకా హెచ్‌ఐసీసీ సమావేశ కేంద్రంలో. 8వ తేదీ రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి, ఇక ఈ సభ ఎవరికి గుర్తుంటుంది? ఆదివారం మా అబ్బాయితో (చెల్లెలి కొడుకే) నేనూ వెళ్లాను. టికెట్ లేదు, పేరు నమోదు చేసుకుంటే చాలు. ఒక హాల్లో పోలీసుల తరఫువాళ్లు మాట్లాడుతున్నారు. నకిలీ బ్యాంకు సైట్లు పెట్టేవాళ్లను, పిల్లల మీద అఘాయిత్యాల వీడియోలు పెట్టేవాళ్లను పట్టుకోవాలంటే ఆ వివరాలు వెంటనే దొరకాలన్నారు. నాకది న్యాయంగానే అనిపించింది. మా సహోద్యోగి ఒకాయన పీఎఫ్ డబ్బు అలాంటి సైటులోనే పోగొట్టుకున్నారు. కానీ దొంగను పట్టుకోవడానికి పోలీసులకు కావలసిన కాగితం నాకు రాత్రి ఫోన్ చేసినవాడికి ఎందుకు దొరకాలి?

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పింది. స్టాఫ్‌రూమ్‌లో ఆ వార్త చదివి కళ్లు తుడుచుకున్నాను. ఇంటికెళ్లి హూయిజ్ చూస్తే నా ఫోన్ నంబరు అలాగే ఉంది.

అది పోయింది 2018 మేలో. 25వ తేదీ నుంచి యూరప్‌లో వ్యక్తుల వివరాలను కాపాడే జీడీపీఆర్ అనే చట్టం అమల్లోకి వచ్చింది. దాన్ని మీరితే జరిమానా కంపెనీ ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 4 శాతం దాకా ఉండొచ్చు. దాంతో ఐకాన్ వారం ముందే, 17న, తాత్కాలిక నియమం తెచ్చి వ్యక్తుల వివరాలు మూసేయడానికి దారి ఇచ్చింది. నా డొమైన్ కంపెనీ ఆ నియమాన్ని అన్ని దేశాలవాళ్లకీ వర్తింపజేసింది. ఎక్కడో యూరప్‌వాళ్ల కోసం రాసుకున్న చట్టం నల్లగొండలో ఉన్న నా ఇంటి నంబరును దాచింది. సంతోషించాను. మన చట్టం ఆ పని చేయనందుకు బాధా కలిగింది.

తర్వాత మన దగ్గర వచ్చిన ఆదేశం ఇంకో దారిలో వెళ్లింది. దాన్ని ఇచ్చింది కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌-ఇన్, 2022 ఏప్రిల్ 28న. నెట్‌లో మన జాడ దాచే వీపీఎన్ సంస్థలు, ఇతరుల డేటాను తమ కంప్యూటర్లలో ఉంచే క్లౌడ్ సంస్థలు తమ ఖాతాదారుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు సరిచూసి, వాళ్లు సేవ మానేశాక కూడా 5 ఏళ్లు దాచిపెట్టాలంది. ఎక్స్‌ప్రెస్ వీపీఎన్ లాంటి కంపెనీలు జూన్‌లోనే ఇక్కడి సర్వర్లు తీసేసుకున్నాయి. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం మంచిదే, కానీ అందులోని 17వ సెక్షన్ ప్రకారం కేంద్రం తాను నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు దేశ భద్రత, శాంతిభద్రతల పేరు మీద మినహాయింపు ఇవ్వొచ్చు.

పోలీసులు అడగకూడదని నేననను. అడిగినప్పుడు ఒక న్యాయమూర్తి చూసి సంతకం పెట్టాలంటాను. మన దగ్గర ఆన్‌లైన్ సమాచారం మీద నిఘాకు అనుమతిచ్చేది హోం కార్యదర్శి, దాన్ని సమీక్షించేదీ అధికారుల కమిటీయే. హెచ్‌ఎం బల్ల మీద కాగితం పెట్టిన చేయి ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. అందుకే ఐదేళ్లు దాచిపెట్టే జాబితా అంటే నాకు టెన్షన్. జాబితా ఉంటే ఎవరో ఒకరు తెరుస్తారు.

2023లో రిటైరయ్యాను. తీసేసిన పదకొండు పోస్టులనూ ఈ నెల నా సొంత పేరుతోనే తిరిగి పెట్టాను, బాత్రూముల పోస్టు మొదట. అది చదివి 2024 డీఎస్సీలో ఉద్యోగం వచ్చిన ఒకమ్మాయి ఫోన్ చేసింది. తనూ రాయాలనుకుంటోంది. "మేడమ్, డొమైన్‌కి నిజం నంబరే ఇవ్వాలా?" అని అడిగింది. ఇవ్వాలనే చెప్పాను, బయటికి కనిపించదని కూడా చెప్పాను. లోపల ఎవరెవరు చూడగలరో చెబుతుంటే మధ్యలో ఆపి, "సరే మేడమ్, ఆలోచించుకుంటాను" అంది. ఆమెకింకా ఇరవై ఆరేళ్ల సర్వీసుంది.